అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు మూలాన్ని, నేటి సంఖ్యను తేల్చడం ఎలా? షఫుల్‌బాటమ్ ఉదాహరణగా ఒక సమగ్ర మార్గదర్శి

ఫలానా ఇంగ్లీషు ఇంటిపేరుకు అర్థమేమిటి, ఆ పేరుగలవారు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని అడిగేవారు ముఖ్యంగా మూడు రకాలు. బందరులోనో సికింద్రాబాదులోనో పాత సమాధిరాళ్ల మీది పేర్లను నకలు చేసుకుంటున్నవారు కొందరు. రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవారు కొందరు. ఇంగ్లండులో స్థిరపడి, సహోద్యోగి ఇంటిపేరు విని నవ్వు ఆపుకోలేక, తర్వాత సిగ్గుపడి అసలు సంగతి తెలుసుకోవాలనుకున్నవారు ఇంకొందరు. ముగ్గురికీ పనికివచ్చే క్రమం ఒక్కటే: ముందు స్పెల్లింగులు, తర్వాత ఊరు, ఆ తర్వాత అర్థం, చివరికి సంఖ్య. ఈ క్రమం తప్పినవారే తప్పుడు జవాబుతో తిరిగివస్తున్నారు.

ఉదాహరణకు షఫుల్‌బాటమ్ (Shufflebottom) అనే పేరును తీసుకుంటున్నాను. నేటి ఇంగ్లీషులో వింటే కాళ్లీడుస్తూ నడవడం, పిరుదులు అనే రెండు మాటలు అతికినట్టుంటుంది. నేను కూడా మొదట అది ఎవరి నడకనో వెక్కిరిస్తూ పెట్టిన పేరే అనుకున్నాను. అది పూర్తిగా తప్పు.

1. పని మొదలుపెట్టే ముందు

మీ ప్రశ్నను మూడుగా విడగొట్టి మూడు వేరువేరు పుటల మీద రాసుకోండి. పేరు ఏ మాట నుంచి, ఏ స్థలం నుంచి పుట్టింది అన్నది భాషకు సంబంధించిన ప్రశ్న. మీరు వెదుకుతున్న కుటుంబం ఆ స్థలం నుంచే వచ్చిందా అన్నది వంశవృక్షానికి సంబంధించినది. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అన్నది కేవలం లెక్క. ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి అతికించకూడదు. మన దగ్గర కూడా ఒకే ఇంటిపేరు వేరువేరు గోత్రాలవారికి ఉండడం అందరికీ తెలిసిందే. ఊరి పేరును బట్టి ఇంటిపేరు వచ్చినంత మాత్రాన ఆ ఊరివారందరూ చుట్టాలు కారు.

ఒక ఎక్సెల్ పట్టిక తెరిచి ఈ గడులు పెట్టుకోండి:

- సంవత్సరం
- రికార్డులో ఉన్న స్పెల్లింగు, ఉన్నది ఉన్నట్టుగా
- వ్యక్తి పేరు, సందర్భం (జననం, బాప్తిస్మం, వివాహం, భూస్థాపన, జనాభా లెక్క)
- పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), కౌంటీ (మన జిల్లా వంటిది)
- ఎక్కడ దొరికింది
- అసలు పుట బొమ్మను చూశానా, లేక ఎవరో రాసిన సూచికను మాత్రమే చూశానా

చివరి గడిని చాలామంది వదిలేస్తారు. ఆరు నెలల తర్వాత రెండు ఆధారాలు పొసగనప్పుడు మిమ్మల్ని ఆదుకునేది అదే.

మొదట్లోనే డబ్బు పెట్టవద్దు. ఫ్రీబీఎండీ, ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లు, జనన మరణాలను నమోదు చేసే ఇంగ్లండు జనరల్ రిజిస్టర్ ఆఫీసువారి ఆన్‌లైన్ సూచిక, స్కాట్లండు జాతీయ గ్రంథాలయంవారి పాత సర్వే పటాలు ఉచితంగానే దొరుకుతాయి. వీటిలో కొన్నింటికి ఖాతా తెరిస్తే చాలు. ఇంటిపేరు పరిశోధనలో ధ్రువపత్రాలు కొనవలసిన అవసరం చాలా అరుదుగా వస్తుంది.

2. స్పెల్లింగుల జాబితా తయారు చేయడం

పని మొత్తంలో ఎక్కువ ఓపిక పెట్టవలసిన మెట్టు ఇదే. పద్దెనిమిదో శతాబ్దం చివరివరకు చర్చి గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. చెప్పినవారికి చాలాసార్లు చదువు రాదు. అందువల్ల ఒకే తల్లిదండ్రుల పిల్లలు మూడు స్పెల్లింగులతో కనిపించడం మామూలు విషయం. స్పెల్లింగు వేరు కాబట్టి మనిషి వేరు అనే వాదం 1850కి ముందు ఎక్కడా నిలవదు.

పేరును రెండు ముక్కలుగా విరవండి. ప్రతి ముక్కకు ఎన్ని రూపాలు వీలవుతాయో రాయండి. తర్వాత వాటిని ఒకదానితో ఒకటి కలపండి.

మన ఉదాహరణలో మొదటి ముక్కకు షఫుల్, షిప్పర్, షిప్పో, షూ అనే రూపాలు, రెండో ముక్కకు బాటమ్, బోథమ్ అనే రూపాలు వస్తాయి. నాలుగింటిని రెండింటితో కలిపితే ఎనిమిది. వాటిలో ఎఫ్ ఒకటా రెండా, పీ ఒకటా రెండా, టీ ఒకటా రెండా అన్న తేడాలు కలిపితే జాబితా ముప్పై దాటుతుంది. అన్నీ రికార్డుల్లో ఉంటాయని కాదు. అన్నింటినీ వెదకి చూడాలి.

వెబ్‌సైట్లలో ధ్వనిసామ్యంతో వెదికే సౌకర్యాన్ని నమ్ముకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. చాలాచోట్ల వాడే సౌండెక్స్ అనే పద్ధతి పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, తర్వాతి హల్లులకు అంకెలు వేసి, మూడు అంకెల దగ్గర ఆగిపోతుంది. ఆ లెక్కన షఫుల్‌బాటమ్‌కు ఎస్ 141, షిప్పర్‌బాటమ్‌కు ఎస్ 161, షూబాటమ్‌కు ఎస్ 135 వస్తాయి. మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవే అయినా యంత్రం దృష్టిలో ఒకదానికొకటి ఏమీ కావు. కాబట్టి ఏ అక్షరాలకు బదులైనా నిలిచే నక్షత్రపు గుర్తు (*) వాడి, పేరులో మారని ముక్కలను మాత్రమే ఉంచి వెదకండి; మొదట ఎస్, చివర బాటమ్ పెట్టి మధ్య భాగాన్ని నక్షత్రానికి వదిలేస్తే చాలా రూపాలు ఒకేసారి బయటపడతాయి.

చేతిరాత వల్ల పుట్టే రూపాలు వేరు. పాత రాతలో పొడుగు ఎస్ అచ్చం ఎఫ్‌లా ఉంటుంది. అందువల్ల షఫుల్‌లోని ఎఫ్‌లను సూచిక రాసినవారు ఎస్‌లుగా చదివి ఉండవచ్చు. పెద్దక్షరంలోని ఎస్‌ను ఎల్‌గానో టీగానో చదవడమూ తరచుగా జరిగేదే. పేరు మొదటి అక్షరమే తప్పుపడితే అక్షరక్రమంలో ఎంత వెదికినా దొరకదు. అప్పుడు ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, వ్యక్తి పేరు, వయసు, పుట్టిన ఊరు ఇచ్చి వెదకాలి.

ఈ మెట్టు పూర్తయిందో లేదో చూసుకోండి:

- కనీసం పది రూపాలు రాసుకున్నారా?
- ప్రతి రూపం ఎదుట మొదట కనిపించిన సంవత్సరం, కౌంటీ ఉన్నాయా?
- మీరు ఊహించిన రూపాలను, రికార్డులో నిజంగా చూసినవాటిని వేరువేరు రంగుల్లో ఉంచారా?

3. 1881 జనాభా లెక్కలతో పటం గీయడం

అరుదైన పేర్లలో చాలావాటికి పందొమ్మిదో శతాబ్దం చివరికి కూడా పుట్టిన చోటు చుట్టూ గుంపు కట్టి ఉండడం కనిపిస్తుంది. దాన్ని చూడటానికి 1881 ఏప్రిల్ 3న తీసిన జనాభా లెక్కలను మించిన సాధనం లేదు. ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు మూడింటికీ పూర్తి సూచిక ఉచితంగా దొరుకుతుంది.

ప్రతి పేరు ఎదుట కుటుంబ యజమానితో సంబంధం, వయసు, వృత్తి, పుట్టిన ఊరు ఉంటాయి. మీకు కావలసింది పుట్టిన ఊరి గడి. మాంచెస్టరులో బట్టల మిల్లులో పనిచేస్తున్న 60 ఏళ్ల మనిషి, దానికి ఉత్తరాన ఉన్న బరీ పట్టణంలో పుట్టానని చెప్పి ఉంటే, పటం మీద చుక్క బరీలో పెట్టాలి, మాంచెస్టరులో కాదు. నివసించే చోట చుక్కలు పెట్టేవారికి ఎప్పుడూ మిల్లులు, గనులు, ఓడరేవులే కనిపిస్తాయి, మూలం కనిపించదు.

యాభై ఏళ్లు దాటినవారి చుక్కలను వేరే రంగులో పెట్టండి. వారు 1831కి ముందు, రైళ్లు జనాన్ని ఊళ్లు దాటించకముందు పుట్టినవారు. మూలానికి దగ్గరగా నిలిచేవి వారి చుక్కలే. మన పేరును ఇలా పటం మీద పెడితే రూపాలన్నీ వాయవ్య ఇంగ్లండులో, లాంకషైర్ నుంచి దక్షిణాన చెషైర్, ఉత్తర స్టాఫర్డ్‌షైర్ వరకు సాగిన పట్టీలో చేరతాయి.

గుంపు ఒకటే వస్తే మీరు అదృష్టవంతులు. రెండు గుంపులు దూరదూరంగా వస్తే పేరు రెండుచోట్ల విడివిడిగా పుట్టి ఉండవచ్చు. అక్కడి నుంచి రెండింటినీ రెండు పేర్లుగా భావించి పని చేయండి.

4. వెనక్కి నడవడం

1881 నుంచి ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగండి. మధ్యయుగపు చిట్టాలో ఎవరో దొరికారని అక్కడి నుంచి ముందుకు రావడం మొదలుపెడితే కుటుంబం తప్పిపోతుంది.

మొదటి మెట్టు 1837 జూలై 1న ఇంగ్లండు, వేల్సులో మొదలైన ప్రభుత్వ రిజిస్ట్రేషను. సూచికలు ఏడాదికి నాలుగు త్రైమాసికాలుగా ఉంటాయి. ఒక పంక్తిలో ఇంటిపేరు, వ్యక్తి పేరు, బరీ అనే జిల్లా పేరు, సంపుటి 8సీ, పుట సంఖ్య ఉంటాయి. బరీకి ఆ సంపుటి సంఖ్య 1852 తర్వాతది, అంతకుముందుదానికి రోమన్ అంకెల్లో 21 కనిపిస్తుంది. జనరల్ రిజిస్టర్ ఆఫీసువారి కొత్త ఆన్‌లైన్ సూచికలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా 1837 నుంచే ఉంటుంది. పాత అచ్చు సూచికల్లో అది 1911 మూడో త్రైమాసికం నుంచి మాత్రమే ఉంది. అరుదైన పేరుకు ఇది ఎంతో విలువైన సంగతి. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు జతగా పెట్టుకుంటే ఒక కుటుంబం పిల్లలందరూ ఒక్క గంటలో వరుసగా నిలబడతారు.

డిసెంబరులో పుట్టిన బిడ్డ పేరు మరుసటి ఏడాది మార్చి త్రైమాసికంలో కనిపించవచ్చు, ఎందుకంటే నమోదుకు 42 రోజుల గడువు ఉంది. 1875కి ముందు నమోదు చేయించకపోయినా తల్లిదండ్రులకు జరిమానా ఉండేది కాదు కనుక కొందరి పేర్లు అసలు ఉండవు. అలాంటప్పుడు చర్చి బాప్తిస్మపు రిజిస్టరు చూడండి.

జనాభా లెక్కల్లో వ్యక్తుల పేర్లు దేశమంతటా దొరికేది 1841 నుంచి. అయితే 1841లో పెద్దల వయసులను చాలావరకు ఐదేళ్ల గుణిజాలకు తగ్గించి రాశారు, పుట్టిన ఊరి పేరు రాయలేదు. పారిష్ పేరుతో సహా పుట్టిన చోటు 1851 నుంచి ఉంటుంది. కాబట్టి 1851 వరకు బతికిన పెద్దవారిని ముందుగా పట్టుకోండి. ఒక్క పంక్తితో 1780ల నాటి పారిష్‌కు చేరవచ్చు.

రెండో మెట్టు పారిష్ రిజిస్టర్లు. వాటిని ఉంచాలని ఆజ్ఞ వెలువడింది 1538లో. చాలా పారిష్‌లలో మొదటి దశాబ్దాల పుటలు మిగలలేదు. 1598 నుంచి ప్రతి ఏడాదీ బిషప్‌కు ఒక నకలు పంపే ఏర్పాటు ఉండేది. అసలు రిజిస్టరు చిరిగినచోట ఆ నకలు ఆదుకుంటుంది.

ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది.

1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టరులో 1710 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కకు 1711 ఫిబ్రవరి. 1710/11 అని రెండూ రాసుకోండి. లేకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు లెక్క వచ్చి, లేని కళంకాన్ని ఒక కుటుంబానికి అంటగడతారు.

1640ల నుంచి 1660 వరకు అంతర్యుద్ధం, ఆ తర్వాతి ప్రభుత్వ కాలంలో రిజిస్టర్లు కుంటుపడ్డాయి. అక్కడ పేరు కనబడకపోతే కుటుంబం అంతరించిందని తీర్మానించవద్దు.

లాంకషైర్ లాంటి కౌంటీల్లో అధికారిక చర్చిని వదిలి వేరే ప్రార్థనాలయాలకు వెళ్లినవారు ఎక్కువ. వారి పిల్లల బాప్తిస్మాలు పారిష్ రిజిస్టరులో ఉండవు. 1837 తర్వాత ప్రభుత్వం సేకరించిన ఆ ప్రార్థనాలయాల రిజిస్టర్లు లండనులోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 అనే వరుసలో ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళ్లడానికి 1662 నుంచి 1689 వరకు వసూలైన పొయ్యిల పన్ను జాబితాలు, 1641-42లో వయోజన పురుషులతో చేయించిన ప్రమాణాల జాబితాలు, 1858కి ముందు చర్చి కోర్టుల్లో దాఖలైన వీలునామాలు ఉపయోగపడతాయి. ఒక హెచ్చరిక: బరీ ఇప్పుడు గ్రేటర్ మాంచెస్టరులో ఉంది, కానీ 1974కు ముందటి కాగితాలన్నీ లాంకషైర్ పేరుమీద ఉంటాయి, మాంచెస్టరు బిషప్ పీఠం 1847లో ఏర్పడింది కనుక అంతకుముందటి వీలునామాలను చెస్టరు పీఠం కింద వెదకాలి.

5. ఊరిని పట్టుకోవడం, అర్థాన్ని తేల్చడం

ఇంగ్లీషు ఇంటిపేర్లు స్థూలంగా ఊరి పేరు నుంచో, నివసించిన చోటి లక్షణం నుంచో, తండ్రి పేరు నుంచో, వృత్తి నుంచో, మారుపేరు నుంచో వచ్చాయి. మీ పేరు ఏ వర్గానికి చెందిందో చెప్పేది దాని చప్పుడు కాదు, దాని పాత రూపాలు.

మెట్టు 3లో వచ్చిన గుంపు మధ్యలో ఒక చిన్న స్థలం, అంటే పొలం, కొండవాలు, ఒంటరి ఇల్లు, మీ పేరును పోలినది ఉందేమో పాత సర్వే పటంలో చూడండి. మైలుకు ఆరంగుళాల చొప్పున అచ్చయిన పటాల్లో పొలాల మధ్యనున్న విడి ఇళ్ల పేర్లు, వాగుల పేర్లు కూడా ఉంటాయి. నేటి ఊళ్ల జాబితాలో లేదని వదిలేయకండి. ఎన్నో ఇంటిపేర్లు ఇప్పుడు ఇల్లు కూడా మిగలని చోట్ల నుంచి వచ్చినవే.

బరీకి ఉత్తరాన వాల్మర్‌స్లీ ప్రాంతంలో షిప్పర్‌బాటమ్ అనే స్థలం ఉంది. మధ్యయుగపు రికార్డుల్లో దాని రూపం షిప్పెవల్లెబోథెమ్ వంటిది. దాన్ని మూడుగా విరిస్తే గొర్రె, ఊట, లోయ అడుగు అనే మాటలు వస్తాయి. గొర్రెలను తోలుకుపోయి నీళ్లు పెట్టడానికో కడగడానికో వాడిన ఊట ఉన్న లోయ అన్నమాట. ఉత్తర ఇంగ్లండులోని షిప్లీ అనే ఊరి పేరులో ఉన్న షిప్ కూడా ఓడ కాదు, గొర్రే.

రెండో ముక్క సంగతి కొంచెం నిదానంగా చూడాలి. పాత ఇంగ్లీషులో లోయ అడుగు భాగానికి బోట్మ్, బోథ్మ్ అని రెండు రూపాలు ఉండేవి. వాయవ్య కొండ ప్రాంతాల్లో ఈ మాట ఎక్కువ. బరీ పక్కనే రామ్స్‌బాటమ్ పట్టణం ఉంది. దాని మొదటి ముక్క పొట్టేలు కావచ్చు, అడవి వెల్లుల్లి పేరు కావచ్చు, పండితులు రెండూ చెబుతారు. క్రికెట్ చూసేవారికి ఇయాన్ బోథమ్, రయాన్ సైడ్‌బాటమ్ పేర్లు తెలుసు. ఆ ఇద్దరి ఇంటిపేర్లలోనూ ఉన్నది ఈ లోయే. బోథమ్ అని రాసుకున్నవారందరూ సిగ్గుపడి స్పెల్లింగు మార్చుకున్నారనే మాట తరచుగా వినిపిస్తుంది. కొందరి విషయంలో నిజం కావచ్చు, కానీ టీహెచ్ ఉన్న రూపం పాత భాషలోనే ఉంది కనుక అది అందరికీ వర్తించదు.

ఇక షిప్పర్ ఎలా షఫుల్ అయింది? స్థలాన్ని వదిలి పది మైళ్లు వెళ్లినవారి నోట్లో ఊరి పేరు అర్థం పోగొట్టుకుంటుంది. అర్థం తెలియని ముక్కను చెవి తనకు తెలిసిన మాటగా దిద్దుకుంటుంది. అందుకే నేటి రూపం నుంచి అర్థం తీస్తే దారి తప్పుతాం.

అర్థం రాసే ముందు అడగవలసిన ప్రశ్నలు:

- ఆ స్థలానికి 1500కు ముందటి రూపం ఒకటైనా దొరికిందా?
- ఆ స్థలం నుంచి పదిహేను, ఇరవై మైళ్లలోపు ఆ ఇంటిపేరు పారిష్ రిజిస్టర్లలో ఉందా?
- ఊరి పేరు, ఇంటిపేరు ఒకే విధంగా మారుతూ వచ్చాయా?
- ఇదే పేరుతో మరో కౌంటీలో మరో స్థలం లేదని చూసుకున్నారా?

6. నిఘంటువును ఇప్పుడు తెరవండి

నిఘంటువు ముందే చూస్తే కళ్లకు అదే కనిపిస్తుంది. అందుకే దీన్ని ఆరో మెట్టుగా పెట్టాను. 2016లో నాలుగు సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ బ్రిటన్, ఐర్లండు ఇంటిపేర్ల నిఘంటువు ఈ పనికి ప్రమాణం. 45,000కు పైగా పేర్లున్నాయి. చాలా పేర్లకు పాత రూపాలు తేదీలతో సహా ఇచ్చి, 1881 నాటి సంఖ్యను, ఇటీవలి సంఖ్యను పక్కపక్కన చూపుతుంది. ఇంగ్లండులో ఉన్నవారు స్థానిక గ్రంథాలయ సభ్యత్వంతో ఇంటి నుంచే చూడగలుగుతారేమో కనుక్కోండి. నూరుమందికి మించి లేని పేర్లు సాధారణంగా అందులో ఉండవు. మీ పేరు లేకపోతే మీ పట్టికే దానికి నిఘంటువు.

ఒకే పేరు మీద పనిచేసేవారి సంఘం గిల్డ్ ఆఫ్ వన్ నేమ్ స్టడీస్ 1979 నుంచి ఉంది. మీ పేరును ఎవరైనా ఇప్పటికే నమోదు చేశారేమో అక్కడ చూస్తే రెండేళ్ల పని కలిసిరావచ్చు.

7. నేటి సంఖ్యను లెక్కించడం

బ్రిటన్‌లో ఇటీవలి జనాభా లెక్కల్లోని వ్యక్తుల పేర్లు వందేళ్ల వరకు బయటపెట్టరు. ప్రస్తుతం చూడగలిగిన చివరి జనాభా లెక్క 1921 నాటిది. 1931 నాటి ఇంగ్లండు, వేల్సు కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో పోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని 1939 సెప్టెంబరులో తీసిన జాతీయ నమోదు కొంత పూడుస్తుంది. అందువల్ల నేటి సంఖ్య ఎప్పుడూ అంచనాయే. అంచనాను ఎలా కట్టారో చెప్పడమే నిజాయితీ.

సంఖ్య ఒక్కటే చూస్తే అరుదు తెలియదు, పదిలక్షల మందికి ఎంతమంది అన్న నిష్పత్తి కావాలి. 1881లో ఇంగ్లండు, వేల్సు జనాభా సుమారు 2,59,74,000. 2021లో సుమారు 5,95,98,000. అంటే 140 ఏళ్లలో జనాభా దాదాపు 2.3 రెట్లయింది.

లెక్క నేర్చుకోవడానికి ఒక ఊహాత్మక పేరు తీసుకుందాం. 1881లో దానికి 260 మంది ఉన్నారు, అంటే పదిలక్షలకు 10 మంది. జనాభాతో సమానంగా పెరిగి ఉంటే 2021లో 596 మంది ఉండాలి. మీ అంచనాలో 400 మందే వచ్చారనుకోండి. మనుషులు 140 మంది పెరిగారు, అయినా పదిలక్షలకు 6.7కు తగ్గారు. పేరు పెరిగిందని ఒకరు, అరుదైందని మరొకరు వాదించుకునేది ఇక్కడే. ఇద్దరి మాటా నిజమే. మీ జవాబులో రెండు అంకెలూ ఇవ్వండి.

నేటి అంచనాకు ఓటర్ల జాబితా ఒక ఆధారం. అందులో దాదాపు అందరూ పద్దెనిమిదేళ్లు నిండినవారే. జనాభాలో సుమారు ఐదో వంతు అంతకన్నా చిన్నవారు కనుక వచ్చిన సంఖ్యను 0.8తో భాగించండి. అందరికీ అందుబాటులో ఉండే జాబితా నుంచి తమ పేరు తీయించుకునే హక్కు ఓటరుకు ఉంది కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. దాన్ని కనిష్ఠ సంఖ్యగానే చూపండి.

అమెరికా శాఖను లెక్కించడం తేలిక. అక్కడి 2010 జనాభా లెక్కల నుంచి, కనీసం నూరుమందికి ఉన్న 1,62,253 ఇంటిపేర్ల జాబితాను ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. జాబితాలో లేకపోతే నూరుకు తక్కువ అని మాత్రమే అర్థం, సున్నా అని కాదు.

లెక్కలో తప్పులు వచ్చేచోట్లు:

- 1881 సంఖ్యను గ్రేట్ బ్రిటన్ మొత్తానికి తీసుకుని, ఇంగ్లండు, వేల్సు జనాభాతో భాగించడం. స్కాట్లండు కలిపితే ఆనాటి జనాభా సుమారు 2.97 కోట్లు.
- ఒక్క స్పెల్లింగునే లెక్కించి పేరు అంతరించిపోతోందని ప్రకటించడం. ప్రతి స్పెల్లింగుకు విడిగా, మొత్తానికి విడిగా, రెండు వరుసలు ఇవ్వండి.
- పెళ్లితో ఈ పేరు తీసుకున్న స్త్రీలను, పుట్టుకతో ఈ పేరున్నవారిని ఒకటిగా కలపడం.
- రెండు ఇంటిపేర్లు అడ్డగీతతో కలిపి పెట్టుకున్నవారిని మరిచిపోవడం.

8. ఎందుకు అరుదైంది?

ఒకే కుటుంబంతో మొదలైన పేరు ఒకటి రెండు తరాల్లో మగసంతానం లేక ఆగిపోవడం మామూలు. వంశం నిలవడం గురించి మనవాళ్లు పడే బెంగనే 1870లలో గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు గణితంగా మార్చారు. ఎవరి తప్పూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా పేర్లు అంతరిస్తాయని దాని సారాంశం. కాబట్టి యుద్ధమో ప్లేగో కారణమని ఆధారం లేకుండా రాయవద్దు.

వలస మరో కారణం: ఇంగ్లండులో తగ్గిన పేరు కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగి ఉండవచ్చు. నవ్వు పుట్టించే పేర్లను మార్చుకోవడం ఇంకొకటి. 1862లో బగ్ అనే ఇంటిపేరున్న ఒకాయన, ఆ మాటకు నల్లి అనే అర్థం ఉన్నందున, తాను ఇకమీదట నార్ఫోక్ హోవర్డ్ అని పత్రికలో ప్రకటించుకున్నాడు. లండను జనం ఆ తర్వాత నల్లులనే నార్ఫోక్ హోవర్డులని పిలవడం మొదలుపెట్టారు.

9. శాఖ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి ఉంటే

బందరు, విశాఖ, సికింద్రాబాదు సమాధుల మీది పేర్లతో మొదలుపెట్టినవారికి ఈ మెట్టు ముఖ్యం. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలు బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనల నకళ్లను ఏటా లండనుకు పంపేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఎన్ 2 అనే వరుసలో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్రపై పనిచేసే ఫిబిస్ సంస్థ వెబ్‌సైటులో సూచికలు ఉచితంగా వెదకవచ్చు.

రాతి మీది పేరును నకలు చేసేటప్పుడు అక్షరం పోయినచోట ఊహించి నింపకండి, చుక్క పెట్టండి. సైనికుడైతే దళం పేరు, సంఖ్య తప్పక రాసుకోండి; భర్తీ కాగితాల్లో పుట్టిన పారిష్ ఉండే అవకాశం ఎక్కువ. పేరు ఇంగ్లీషుది అయినంత మాత్రాన మనిషి ఇంగ్లండులో పుట్టాడని అనుకోకండి. రెండు మూడు తరాలు ఇక్కడే పుట్టి పెరిగినవారు ఎందరో.

చేయి తిరగడానికి ఒక అభ్యాసం. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద పుస్తకాలు కొన్నవారికి హిగ్గిన్‌బాథమ్స్ పేరు తెలుసు. 1844లో మద్రాసులో ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ మొదలుపెట్టిన దుకాణం అది. ఆ పేరుకు నిఘంటువులు చూపే మూలం బోల్టన్ దగ్గరి ఓకెన్‌బాటమ్, అంటే బరీకి పక్క లోయే. 2, 3, 5 మెట్లను దాని మీద ప్రయోగించి చూడండి. జీ ఒకటి, రెండు ఉన్న రూపాలతో మొదలుపెట్టండి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

వంశచిహ్నం కొనుక్కోవడం. ఇంగ్లండులో డాలు బొమ్మ ఒక వ్యక్తికి, అతని వారసులకు మంజూరవుతుంది, ఇంటిపేరుకు కాదు. పేరు చెబితే చట్రం కట్టి ఇచ్చే బొమ్మలకు పరిశోధనలో విలువ లేదు.

ఇతరులు ఆన్‌లైన్‌లో పెట్టిన వంశవృక్షాలను నకలు చేసుకోవడం. ఒకరి తప్పును నలభైమంది నకలు చేస్తే అది నలభై ఆధారాలు కాదు. ఆధారం చూపని పంక్తిని పట్టికలో ఎక్కించవద్దు; పక్కన సూచనగా మాత్రం రాసుకోండి.

డీఎన్ఏతో మొదలుపెట్టడం. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోము పరీక్ష అరుదైన పేర్ల విషయంలో నిజంగా పనికివస్తుంది, పేరు ఎంత అరుదైతే ఒకే మూలపురుషుడు ఉండే అవకాశం అంత ఎక్కువని పరిశోధనలు చూపాయి. కానీ పట్టిక లేకుండా పరీక్ష చేయిస్తే ఎవరితో పోల్చాలో తెలియదు. దత్తత, తల్లి ఇంటిపేరుతో పెరిగిన బిడ్డ, సవతి తండ్రి పేరు తీసుకున్న బిడ్డ ఉన్నచోట ఫలితం కలవదు. కలవలేదని ఇంట్లో ఎవరినీ నిలదీయకండి.

దొరకని కాలాన్ని కథతో నింపడం. 1641 నుంచి 1663 వరకు ఏమీ దొరకకపోతే ఖాళీగానే వదలండి.

11. ఫలితాన్ని రాయడం

ఒక పుట చాలు. రాయవలసిన వరుస ఇది:

- చూసిన స్పెల్లింగులన్నీ, ప్రతిదానికీ మొదటి తేదీ
- 1881లో గుంపు ఉన్న పారిష్‌లు, సంఖ్య, పదిలక్షలకు నిష్పత్తి
- మూలస్థలం, దాని పాత రూపం, అర్థం
- నేటి అంచనా, దాన్ని ఏ జాబితా నుంచి, ఏ తేదీన, ఎలా కట్టారు
- మీ కుటుంబం ఆ మూలస్థలం వరకు ఆధారాలతో చేరిందా, లేక ఏ సంవత్సరం దగ్గర ఆగింది

బతికి ఉన్నవారి పేర్లు, చిరునామాలు ఆ పుటలో పెట్టవద్దు. పేరు అరుదైనది కనుక ఊరి పేరు ఒక్కటి చెప్పినా మనిషి ఎవరో తెలిసిపోతుంది.